తొరపల్లి రాజాజీ: ఒక యువకునికి తోడు నిలిచిన పెద్దరికం

హోసూరు పరిసర గ్రామాలలో తొరపల్లి పేరు వినని వారుండరు. స్వతంత్ర భారతదేశానికి గవర్నర్ జనరల్‌గా పనిచేసిన ఏకైక భారతీయుడు చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరులో ఆ గ్రామంలోనే జన్మించారు. ఆయన పుట్టిన ఇల్లు నేడు స్మారకంగా నిలిచి ఉన్నది. ఆయన అధిష్ఠించిన పదవుల వివరాలు మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. కాని ఊరి యువకులకు దారి చూపదలచిన పెద్దలకు అంతకంటె ఎక్కువగా పనికివచ్చే అధ్యాయం ఒకటి ఆయన జీవితంలో ఉన్నది. తనకంటె ఇరవై ఏళ్లు చిన్నవాడైన ఒక రచయితకు ఆయన మార్గదర్శి అయిన వృత్తాంతమది.

రాజాజీ తండ్రి వెంకటార్య అయ్యంగారు తొరపల్లి మునసబు. తల్లి సింగారమ్మ. బాలుడు హోసూరు ప్రభుత్వ పాఠశాలలో చదివి, ఆపై బెంగుళూరు సెంట్రల్ కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను విద్య పూర్తిచేశాడు. సేలంలో న్యాయవాదిగా మంచి పేరు, ధనము రెండూ సంపాదించి, 1917లో ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. భార్య అలమేలు మంగమ్మ చిన్న వయసులోనే మరణించగా ఐదుగురు బిడ్డల పెంపకం ఆయనపైనే పడింది. 1919లో గాంధీజీ మద్రాసుకు వచ్చి ఆయన ఇంట అతిథిగా ఉన్నారు. ఆ పరిచయంతో రాజాజీ జీవితమే మారిపోయింది. న్యాయవాద వృత్తిని విడిచిపెట్టి సహాయ నిరాకరణోద్యమంలో చేరి కారాగారానికి వెళ్లారు. ఇతరులకు మార్గదర్శి కాకముందు తానే ఒక మార్గదర్శిని వెదకి అనుసరించిన మనిషి ఆయన.

1925లో తిరుచెంగోడు సమీపాన పుదుపాళయంలో రాజాజీ గాంధీ ఆశ్రమాన్ని స్థాపించారు. ఖద్దరు ఉత్పత్తి, అస్పృశ్యతా నివారణ, మద్యపాన నిషేధం ఆశ్రమ లక్ష్యాలు. సేలంలోని సౌకర్యాలను వదలి, బిడ్డలతో సహా అక్కడి కుటీరంలో కాపురముండి, అందరితోపాటు ఆయనా రాట్నం వడికారు. తరువాత అక్కడికి వచ్చిన యువకులు ఆయనను చూసినది పదవిలో ఉన్న నాయకునిగా కాదు, తమతో కలిసి బ్రదికే మనిషిగా.

అలా వచ్చినవారిలో ఒకరు ఆర్. కృష్ణమూర్తి. 1899లో తంజావూరు జిల్లాలో పుట్టిన ఈయన 1921లో గాంధీజీ పిలుపు విని పాఠశాల చదువు విడిచారు. మరుసటి ఏడు జైలుకు వెళ్లారు. బయటికి వచ్చిన తరువాత మద్రాసులో నవశక్తి పత్రికలో కొన్నేళ్లు పనిచేసి, 1928లో దానిని వదిలారు. పట్టా లేదు, స్థిరమైన కొలువు లేదు. చేతిలో ఉన్నది కలం ఒక్కటే. ఈనాటికీ మన పల్లెలలో చదువు మధ్యలో ఆగిపోయిన యువకుడు కనిపిస్తే అతనికి బుద్ధి చెప్పడానికి పదిమంది ముందుకు వస్తారు. పని అప్పగించేవారు అరుదు.

రాజాజీ ఆయనకు పని అప్పగించారు. మద్యపానానికి వ్యతిరేకంగా 1929లో ఆశ్రమం నుండి విమోచనం అనే తమిళ మాసపత్రికను ప్రారంభించి, సంపాదకత్వంలో కృష్ణమూర్తిని తోడు తీసుకున్నారు. కృష్ణమూర్తి అందులో కథలు వ్రాశారు. పెద్దాయన అనుభవం, చిన్నవాని హాస్యం, కథన నైపుణ్యం ఒకే ప్రయోజనానికి కలిశాయి. ఆ శ్రమ వ్యర్థం కాలేదు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయిన రాజాజీ మద్యనిషేధాన్ని మొట్టమొదట సేలం జిల్లాలోనే అమలుచేశారు. నాడు మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు ఆ జిల్లాలోనివే.

కృష్ణమూర్తి ఆశ్రమంలోనే ఉండిపోలేదు. 1931లో ఆనంద వికటన్ పత్రికకు సంపాదకుడై మద్రాసుకు వెళ్లారు. 1941లో సదాశివంతో కలిసి తన కలం పేరు మీదనే కల్కి పత్రికను స్థాపించారు. 2022లో చలనచిత్రంగా వచ్చిన పొన్నియిన్ సెల్వన్‌కు మూలమైన నవల ఆయనదే. ఆయన దూరంగా వెళ్లినా బంధం తెగలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంతో విభేదించి రాజాజీ కాంగ్రెసులో ఒంటరి అయిన కాలంలోను కల్కి ఆయన పక్షాన్నే నిలిచారు. రాజాజీ తమిళంలో వ్రాసిన భారత, రామాయణాలు కల్కి పత్రికలోనే ధారావాహికలుగా వెలువడ్డాయి. ఒకనాడు చిన్నవానికి పత్రికలో చోటిచ్చిన గురువు, తరువాతి కాలంలో శిష్యుని పత్రికకు రచయిత అయ్యారు. ఆ రామాయణానికి 1958లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అప్పటికి కల్కి లేరు. 1954 డిసెంబరులోనే కన్నుమూశారు.

ఈ చరిత్రకు మరొక వైపు కూడా ఉన్నది. 1953లో ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రాజాజీ ప్రాథమిక విద్యలో ఒక నూతన పథకం ప్రవేశపెట్టారు. పిల్లలు రోజుకు మూడు గంటలు బడిలో చదివి, మిగిలిన సమయంలో తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవాలన్నది దాని సారాంశం. శాసనసభతో ముందుగా సంప్రదించకుండానే దానిని తెచ్చారు. కులవృత్తులలోనే పిల్లలను కట్టిపడేసే చదువని రాష్ట్రమంతటా తీవ్ర నిరసన లేచింది. 1954లో ఆయన పదవి విడిచారు. తరువాత వచ్చిన కామరాజ్ ప్రభుత్వం పథకాన్ని రద్దుచేసింది. ఆశ్రమంలో పక్కన కూర్చుని పనిచేసినప్పుడు గెలుచుకున్న నమ్మకం, సచివాలయం నుండి ఆజ్ఞ వెలువడినప్పుడు దక్కలేదు. మనిషి ఆయనే, మేధస్సు అదే. ఎవరి బ్రదుకు మారబోతున్నదో వారిని అడగలేదన్నదే తేడా.

నేడు హోసూరు కర్మాగారాలకు, బెంగుళూరు కొలువులకు మన పిల్లలు తెల్లవారకముందే బయలుదేరుతున్నారు. ఇంట ఒక భాష, బడిలో మరొకటి, పనిచోట ఇంకొకటి. వారికి దిక్కుగా ఉండాలని ఒక ఉపాధ్యాయుడో, విశ్రాంత ఉద్యోగో, మేనమామో పూనుకుంటే మొదటి నెలలోనే ఉపదేశాలకు దిగనవసరం లేదు. వాడితో కలిసి చేయగల పని ఒకటి చూసుకోవాలి. వాడికి చేతనైనది గుర్తించి, అందులో కొంత బాధ్యత వాడికే వదలాలి. వాడి భవిష్యత్తును గూర్చి ఏ నిర్ణయమైనా ముందు వాడినే అడగాలి. ఎదిగి వెళ్లిపోయే రోజున అడ్డుపడరాదు. రాజాజీ 1972 డిసెంబరు 25న తనువు చాలించారు. తొరపల్లిలోని ఆయన ఇంటికి పిల్లలను తీసుకువెళ్లే పెద్దలు గవర్నర్ జనరల్ కథతోపాటు ఈ కథ కూడా చెబితే బాగుంటుంది.