ఎవ్లీన్ నికల్స్
ఇంటి భాష మాట్లాడితే నవ్వుతారని జంకే పిల్లలకు మేము ఎవ్లీన్ నికల్స్ గురించి చెబుతుంటాం. ఆంగ్లేయుల పాలనలో ఐర్లాండ్‌లో ఐరిష్ అంటే పేదల భాష అని చిన్నచూపు. డబ్లిన్‌లో యూనివర్సిటీ చదువు చదివిన ఎవ్లీన్ గేలిక్ లీగ్‌లో చేరి ఆ భాష కోసమే పనిచేశారు. పుస్తకాలతో సరిపెట్టుకోలేదు. కెర్రీ తీరంలోని గ్రేట్ బ్లాస్కెట్ దీవికెళ్లి, చేపలు పట్టే కుటుంబాల దగ్గర శిష్యురాలిగా కూర్చున్నారు. మాకు నచ్చింది అదే.

1909 ఆగస్టు 13న దీవిలోని అమ్మాయితో ఈతకు దిగారు. ఇద్దరూ అలల్లో చిక్కుకున్నారు. అమ్మాయి సోదరుడు డొనల్, పద్దెనిమిదేళ్లవాడు, కాపాడాలని దూకాడు. అమ్మాయి బతికింది. డొనల్ పోయాడు, సుమారు పాతికేళ్ల ఎవ్లీనూ పోయారు. డొనల్ తండ్రి తోమాస్ ఆ దీవి బతుకును ఐరిష్‌లోనే రాశారు. ఆ పుస్తకం 1929లో అచ్చయింది.