పేరు కోసం జట్టును పోగొట్టుకున్న షాక్లీ

మనం వాడే సెల్‌ఫోన్‌కూ, కంప్యూటర్‌కూ ప్రాణం ట్రాన్సిస్టర్. దాన్ని మనకిచ్చిన ముగ్గురిలో విలియం షాక్లీ ఒకరు. గొప్పవాళ్ల జీవితాల నుంచి ఏం చేయాలో నేర్చుకుంటాం. ఈయన జీవితం నుంచి ఏం చేయకూడదో కూడా నేర్చుకోవాలి.

షాక్లీ 1910 ఫిబ్రవరి 13న లండన్‌లో అమెరికన్ దంపతులకు జన్మించారు. కాలిఫోర్నియాలో పెరిగి, 1936లో ఎం.ఐ.టి. నుంచి డాక్టరేట్ పొంది, బెల్ ల్యాబ్స్‌లో చేరారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ ఒక పరిశోధక బృందానికి నాయకుడయ్యారు. ఆ బృందంలోని బార్డీన్, బ్రాటెన్ 1947 డిసెంబరులో మొదటి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. జట్టు గెలిచిందని నాయకుడు సంతోషించాలి కదా! కానీ దాని పేటెంటులో తన పేరు లేదన్న బాధ షాక్లీని నిలవనీయలేదు. గుట్టుగా పనిచేసి, కొన్ని వారాల్లోనే అంతకన్నా మెరుగైన జంక్షన్ ట్రాన్సిస్టర్‌ను రూపకల్పన చేశారు. ఆ ప్రతిభను కాదనలేం. అయితే ఆ తర్వాతి ముఖ్యమైన పనికి వాళ్లిద్దరినీ దూరం పెట్టారు.

విసిగిపోయిన బార్డీన్ 1951లో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది. బార్డీన్‌కు 1972లో రెండో నోబెల్ కూడా దక్కింది. ఆ సిద్ధాంతాన్ని బి.సి.ఎస్. అంటారు. అవి ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలు. అందులో ఒకటి ఆయన విద్యార్థిది!

షాక్లీ మాత్రం మారలేదు. 1956లో మౌంటెన్ వ్యూలో సొంత ప్రయోగశాల పెట్టి, మెరికల్లాంటి యువకులను చేర్చుకున్నారు. కానీ వాళ్లను నమ్మలేదు. వాళ్లు తేల్చిన ఫలితాలను పాత సహోద్యోగులకు ఫోన్ చేసి సరిచూసుకునేవారు. ఒక ఉద్యోగిని చేతికి చిన్న గాయమైతే కుట్ర అనుమానించి, అబద్ధాలు పట్టే యంత్రంతో పరీక్షలకు సిద్ధపడ్డారు. చివరికి 1957లో ఎనిమిది మంది ఒకేసారి బయటికి నడిచి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్‌ను స్థాపించారు. వారిలో నోయిస్, మూర్ 1968లో ఇంటెల్‌ను ప్రారంభించారు. షాక్లీ సంస్థ 1960లో చేతులు మారింది.

తర్వాత ఆయన నల్లజాతివారికి పుట్టుకతోనే తెలివి తక్కువని ప్రచారం చేశారు. శాస్త్రవేత్తలు ఆ వాదాన్ని ఖండించారు. 1989 ఆగస్టు 12న మరణించేనాటికి సొంత పిల్లలకు కూడా దూరమయ్యారు.

పుట్టుకను బట్టి తెలివిని కొలిచే మాటలు మనకు కొత్త కాదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకున్న మాలాంటివాళ్లమే ఆ మాటలకు జవాబు. అయితే రేపు మనమూ అధికారులమవుతాం, టీచర్లమవుతాం, పదిమందిపై పెత్తనం చేసే కుర్చీలో కూర్చుంటాం. ఆనాడు తోటివారి కష్టానికి వారి పేరే పెడదాం. మనకన్నా చిన్నవాడు గెలిస్తే ముందుగా మనమే చప్పట్లు కొడదాం.