కార్మిక నేత చేతి సంతకం: రాష్ట్రపతి వి.వి.గిరి జీవితం

కోని, బిలాస్‌పూర్: అర్పా నది ఒడ్డున ఉన్న కోని నుంచి బిలాస్‌పూర్ రైల్వే కాలనీల వైపు వెళితే తెలుగు మాట చెవిన పడటానికి ఎంతోసేపు పట్టదు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందిని ఈ నేలకు తెచ్చింది రైలే. అప్పట్లో దానిపేరు బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే. విశాఖ తీరం నుంచి ఖరగ్‌పూర్ వరకు, ఇటు బిలాస్‌పూర్ మీదుగా నాగ్‌పూర్ వరకు విస్తరించిన ఆ సంస్థలో కార్మికులను కూడగట్టిన నాయకుడు వరాహగిరి వెంకటగిరి. ఆయన రాష్ట్రపతిగా ఉన్న రోజుల్లోనే, 1974 మే నెలలో, దేశ చరిత్రలో అతి పెద్ద రైల్వే సమ్మె జరిగింది. దానిని అణచడానికి ప్రభుత్వం వాడిన అధికారాలకు మూలమైన ప్రకటనపై ఉన్నది ఆయన సంతకమే.

గిరి 1894 ఆగస్టు 10న గంజాం ప్రాంతంలోని బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. న్యాయశాస్త్రం చదవడానికి గిరి 1913లో ఐర్లండు వెళ్లి డబ్లిన్‌లో చేరారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం పట్ల ఆకర్షితులయ్యారు. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగాక దేశం విడిచి వెళ్లవలసిందిగా ఆయనకు ఉత్తర్వు అందింది. బరంపురం తిరిగివచ్చి వకీలు వృత్తి చేపట్టినా, మనసు మాత్రం కార్మికుల మీదికి మళ్లింది.

అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కార్మికుల ఆందోళనకు 1920వ దశకంలో నాయకత్వం వహించి, సమ్మెను అహింసా మార్గం తప్పకుండా నడిపించి, యాజమాన్యం చర్చలకు దిగక తప్పని స్థితి తెచ్చారు. 1927లో జెనీవా కార్మిక మహాసభకు, 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను సొంత గడ్డపైనే ఓడించి మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆ తరువాతి పదవులు ఎన్నో: సిలోనులో హైకమిషనరు, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడు, కేంద్ర కార్మిక మంత్రి, ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు.

ఈ పదవుల పట్టికలో ఒక్కచోట ఆగాలి. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా 1954లో ఆయన కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. యాజమాన్యం, కార్మిక సంఘం ఎదురెదురుగా కూర్చుని వివాదం తీర్చుకోవాలనీ, మధ్యలో ప్రభుత్వం బలవంతంగా తలదూర్చకూడదనీ ఆయన పట్టుదల. కార్మిక చరిత్రలో దానికి గిరి విధానమన్న పేరే స్థిరపడింది.

1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించారు. ఇక్కడ రాజ్యాంగం సంగతి కొంత చెప్పుకోవాలి. కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతికి దఖలు పడిందని 53వ అధికరణం అంటుంది. ఆయనకు సాయపడి సలహా చెప్పడానికి మంత్రిమండలి ఉండాలని 74వ అధికరణం అంటుంది. ఆ సలహాను పాటించి తీరాలని మాత్రం మొదటి పాఠంలో ఎక్కడా లేదు. అది సంప్రదాయానికి వదిలిన విషయం. బాబూ రాజేంద్రప్రసాద్ 1960లో ఈ ప్రశ్నను బహిరంగంగానే లేవనెత్తారు. రాష్ట్రపతి సొంతంగా విజృంభిస్తే ఏమవుతుందన్నదే అప్పటి భయం. జరిగింది వేరు. రాష్ట్రపతి పేరిట నడిచే అధికారం పెరుగుతూ పోయింది, రాష్ట్రపతి మాత్రం చిన్నబోతూ వచ్చారు.

1969 జులై 19 శనివారం. పార్లమెంటు సమావేశాలు సోమవారం మొదలు కావలసి ఉంది. ఉభయ సభలూ సమావేశంలో లేనప్పుడు, తక్షణ చర్య అవసరమైతేనే ఆర్డినెన్సు జారీ చేయాలని 123వ అధికరణం పెట్టిన హద్దు. రెండు రోజులు ఆగితే సభే కూర్చునేది. అయినా 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై గిరి ఆ రోజే సంతకం చేసి, మర్నాడు పదవికి రాజీనామా ఇచ్చి రాష్ట్రపతి ఎన్నికల బరిలో దిగారు. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు జాతీయీకరణ చట్టాన్ని కొట్టివేస్తే, నాలుగు రోజులకే మరో ఆర్డినెన్సు వచ్చింది. దానిపైనా ఆయన సంతకమే. జాతీయీకరణ మంచిచెడ్డలు వేరు, సభను పక్కన పెట్టిన పద్ధతి వేరు. ఆనాటి సంబరంలో ఈ రెండింటినీ విడదీసి చూసినవారు తక్కువ.

ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ప్రధాని ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం మేరకు ఓటు వేయమనడంతో పార్టీ నిలువునా చీలింది. ఇద్దరు తెలుగువారి మధ్య జరిగిన ఆ పోటీలో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలక, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి గెలిచారు. ఎన్నికపై దాఖలైన వ్యాజ్యంలో పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. ఆ హుందాతనానికి ఆయనను మెచ్చుకోవాలి.

అయితే తనను నిలబెట్టిన ప్రధాని పంపిన కాగితాన్ని ఆపి ప్రశ్నించే రాష్ట్రపతిగా చరిత్ర ఆయనను గుర్తుంచుకోలేదు. 1970 సెప్టెంబరులో రాజభరణాల రద్దు బిల్లు రాజ్యసభలో వీగిపోగానే, సంస్థానాధీశుల గుర్తింపును రాష్ట్రపతి ఉత్తర్వుతోనే తొలగించారు. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ మధ్యలోనే ఉత్తరప్రదేశ్ వ్యవహారం. శాసనసభలో బలం తేలకుండానే చరణ్‌సింగ్ ప్రభుత్వాన్ని తప్పించాలని గవర్నరు బెజవాడ గోపాలరెడ్డి సిఫారసు చేశారు. రాష్ట్రపతి అప్పుడు సోవియట్ పర్యటనలో ఉన్నారు. కాగితాలు కీవ్ నగరం దాకా వెళ్లాయి. 356వ అధికరణం కింద ప్రకటనపై ఆయన అక్కడే సంతకం చేశారు. మూడు వారాలు తిరగకుండానే లక్నోలో కొత్త ప్రభుత్వం ఏర్పడింది.

1971లో వచ్చిన 24వ రాజ్యాంగ సవరణ మరీ విచిత్రం. రాజ్యాంగ సవరణ బిల్లు తన ముందుకు వస్తే రాష్ట్రపతి ఆమోదించి తీరాలని అది నిర్దేశించింది. తన చేతిలోని ఆ కాస్త విచక్షణను తీసివేసే బిల్లుకు ఆమోదముద్ర వేసినది కూడా గిరియే.

అదే ఏడాది విచారణ లేకుండా నిర్బంధించడానికి వీలిచ్చే మీసా వచ్చింది. డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలవగానే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ ప్రకటన న్యాయమైనదే, కాదనగలవారు లేరు. యుద్ధం రెండు వారాల్లో ముగిసింది. ప్రకటనను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

1974 మే 8న దాదాపు 17 లక్షల మంది రైల్వే ఉద్యోగులు సమ్మెకు పిలుపు అందుకున్నారు. ఎనిమిది గంటల పని, బోనస్, ఇతర ప్రభుత్వరంగ సంస్థలతో సమానంగా వేతనం వారు కోరినవి. అంతకు ముందే, మే 2న, నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. మూడేళ్ల కిందటి యుద్ధంనాటి భారత రక్షణ నిబంధనల కింద సమ్మె చట్టవిరుద్ధమైంది. మీసాను కూడా ప్రయోగించారు. వేలాదిమంది జైళ్లకు వెళ్లారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు, ఉద్యోగాలు పోయాయి. పాత బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే అప్పటికి ఆగ్నేయ రైల్వేగా మారింది, బిలాస్‌పూర్ అందులో ఒక డివిజన్. ఒకనాడు గిరి వెంట నడిచినవారి కొడుకుల తరం అది. మే నెలాఖరుకు సమ్మె విరమించారు.

మంత్రిమండలి సలహాను కాదనే వీలు ఆయనకు ఉన్నదా అంటే, ఉన్నదని చెప్పడం కష్టం. 1954లో మంత్రిగా రాజీనామా చేసిన మనిషి 1974లో ఏమి అనుకున్నారో ఊహించి రాయడం ఈ వ్యాసం పని కాదు. ఆ ఏడాది ఆగస్టు 23న షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలని తేల్చింది. మర్నాడే గిరి పదవీకాలం ముగిసింది.

1975లో ఆయనకు భారతరత్న లభించింది. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరు మీదే ఉంది. 1971 డిసెంబరు నాటి ప్రకటన రద్దయినది 1977 మార్చిలో. 1980 జూన్‌లో మద్రాసులో గిరి కన్నుమూసేనాటికి రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది, 1969లో ఆయన చేతిలో ఓడిపోయిన నీలం సంజీవరెడ్డి.