పాలరాతి మీద వేరు గీసిన గీత

మా నాన్న ఎర్రచెలకలో కంది వేస్తాడు. సూపర్ బస్తా పడని మడిలో కూడా అది బాగానే వస్తుంది. కారణం అడిగితే, కంది వేరు రాయినైనా తినేస్తుందన్నాడు. డిగ్రీలో చేరిన గీరతో నేను నవ్వేశాను. ఆ నవ్వు తప్పని నాకు తెలియజెప్పినవాడు 1897లోనే కన్నుమూసిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త జూలియస్ ఫాన్ సాక్స్.

సాక్స్ 1832లో బ్రెస్లౌలో పుట్టాడు. పదిహేడేళ్ళు నిండేసరికే తల్లీ తండ్రీ పోయారు. చదువు అటకెక్కే వేళకి, ఆ ఊళ్ళో లోగడ పనిచేసిన ప్రొఫెసర్ పుర్కిన్యే అతన్ని ప్రాగ్ నగరానికి పిలిపించుకుని సహాయకుడిగా పెట్టుకున్నాడు. బొమ్మలు గీస్తూనే చదువుకుని సాక్స్ 1856లో డాక్టరేట్ సంపాదించాడు.

వేరంటే నీళ్ళు పీల్చే గొట్టమేనా? ఈ ప్రశ్నను అతను రాతినే అడిగాడు. నున్నగా మెరుగుపెట్టిన పాలరాతి పలక మీద ఇసుక పోసి మొక్కజొన్న గింజలు నాటాడు. వేళ్ళు దిగి పలక మీద పాకాయి. కొన్నాళ్ళకి పలక తీసి కడిగి చూస్తే, వేరు పాకిన దారంతా మెరుగు పోయి గీతలు పడి ఉంది! వేరు వదిలిన ఆమ్లం రాతిని కరిగించిందన్నమాట. 1860లో ఆ సంగతి అచ్చయింది. తర్వాత వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో, 1868 నుంచి చివరిదాకా, పాఠాలు చెప్పి ఎందరినో తయారుచేశాడు.

పాలరాతిలో భాస్వరం లేదు, నిజమే. కాని నేలలో భాస్వరం కూడా సున్నంతోనో, ఇనుముతోనో, అల్యూమినియంతోనో ముడిపడి రాయిలా ఉంటుంది, నీళ్ళకి కరగదు. వేళ్ళు వదిలే ఆమ్లాలు ఆ ముడి విప్పుతాయి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లో కంది గుట్టు బయటపెట్టారు. దాని వేరు పిసిడిక్ ఆమ్లం వదులుతుంది. అది ఇనుమును పట్టుకుంటే, ఇనుము పట్టులోని భాస్వరం విడుదలవుతుంది.

సెలవుల్లో ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. మరైతే ఇక సూపర్ బస్తా కొనే పనే లేదా అని మాత్రం అడిగాడు. వేరు గాదె తాళం తీస్తుందేగాని గాదె నింపదు, గింజలతోపాటు భాస్వరమూ బజారుకి పోతుంది, పోయింది మళ్ళీ వెయ్యాల్సిందేనని చెప్పాను. ఈసారి నవ్వింది నాన్న. కొట్టు బాకీ లెక్కా అంతేగదా అన్నాడు.

తల్లీ తండ్రీ లేని కుర్రాడు ఒక రాతిపలకతో తేల్చిన సంగతి మా చెలకదాకా వచ్చింది. తెలిసినట్టు నవ్వేముందు ఒక పలక పెట్టి చూడాలని నేను నేర్చుకున్నాను.