హోమరు నగరమును వెదకిన వర్తకుడు

జర్మనీ దేశపు ఉత్తర భాగమున మెక్లెన్‌బుర్గ్ అను సీమ కలదు. అందలి అంకెర్‌షాగెన్ అను కుగ్రామమునకు ఎర్నెస్టు ష్లీమన్ అను మతబోధకుడు 1823లో సకుటుంబముగా వచ్చి చేరెను. అంతకు ముందటి యేడు, 1822 జనవరి 6వ తేదీన, ఆయనకు పుట్టిన కుమారుడే హైన్రిఖ్ ష్లీమన్. 1829 క్రిస్మసు పండుగకు తండ్రి ఈ బాలునికి బొమ్మలతో కూడిన ప్రపంచ చరిత్ర నొకదానిని కానుకగా నిచ్చెను. అందొక చిత్రమున ట్రాయి నగరము తగులబడుచున్నది. ఆ మంటల నడుమనుండి ఈనియాస్ అను వీరుడు వృద్ధుడైన తండ్రిని భుజములపై మోసికొని, కుమారుని వెంటబెట్టుకొని తప్పించుకొని పోవుచున్నాడు. కావడిలో తల్లిదండ్రులను మోసిన శ్రవణకుమారుని బొమ్మ చూచి పెరిగిన మనకు అట్టి చిత్రము పసి మనసున నెట్లు నాటుకొనునో వేరుగా చెప్పనక్కరలేదు. బాలుని కన్ను మాత్రము కోట గోడలపై నిలిచెను. ఇంత మందపు గోడలు ఆనవాలైనను లేకుండ నశించి యుండవని అతడు తండ్రితో వాదించెననియు, పెద్దవాడనైన పిమ్మట వానిని త్రవ్వి తీయుదునని ప్రతిన పూనెననియు, ఆయన స్వీయచరిత్ర చెప్పుచున్నది. అప్పటి కతనికి ఎనిమిదేండ్లు నిండలేదు.

స్వీయచరిత్ర అను మాటను నేను ఊరక వాడలేదు. ఈ కథను విపులముగా లోకమునకు చెప్పినవాడు ష్లీమనే. చెప్పినదియు 1880 ప్రాంతమున, ట్రాయిని త్రవ్వి కీర్తి గడించిన తరువాత. ఆ సంగతికి మరల వత్తును.

గ్రీకు మహాకవి హోమరు రచించిన ఇలియడ్ కావ్యమునకు ట్రాయి యుద్ధమే వస్తువు. హెలెన్ అను రాణిని ట్రాయి రాజకుమారుడు తీసికొనిపోగా, గ్రీకులు ఓడలపై తరలివచ్చి పదేండ్లు ఆ నగరమును ముట్టడించిరని కథ. పందొమ్మిదవ శతాబ్దపు పండితులలో పెక్కుమంది దానిని కవికల్పన యనియే తలచుచుండిరి. నిజమని నమ్మిన కొద్దిమందియు ఆ నగరము ఆసియా మైనరున ఎచ్చటనుండెనో ఏకాభిప్రాయమునకు రాలేదు.

1831లో, తొమ్మిదవ యేట, హైన్రిఖ్ తల్లిని పోగొట్టుకొనెను. తండ్రి నడవడిని గూర్చి ఊరిలో అపవాదు చెలరేగి, ఉద్యోగమునకును చేటు తెచ్చెను. బాలుడు బంధువుల పంచ జేరెను. 1833లో ఒక ఉన్నత పాఠశాలలో చేరినను, ఇంటి స్థితి చెడుటచే కొలదికాలమునకే తక్కువ తరగతి బడికి మారవలసి వచ్చెను. 1836లో, పదునాలుగవ యేట, ఆ చదువును ముగిసెను. ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్ అను ఊర నొక పచారు కొట్టులో పనికి కుదిరెను. తెల్లవారకముందే దుకాణము ఊడ్చుట, ఉప్పుచేపలు, వెన్న, బంగాళాదుంపల సారా చిల్లరగా అమ్ముట, రాత్రి ప్రొద్దుపోవువరకు కాలిమీద నిలుచుట. ఐదున్నర యేండ్లు ఇదియే జీవితము.

ఒకనాటి సాయంకాలము తప్పద్రాగిన పిండిమర పనివాడొకడు ఆ కొట్టునకు వచ్చెను. అతడును మతబోధకుని కుమారుడే. బడినుండి వెడలగొట్టబడి చెడినవాడు. త్రాగి చెడినను నేర్చిన హోమరును మరువలేదు. ఆ మైకములోనే నూరు పంక్తుల వరకు గ్రీకు భాషలో లయ తప్పక చదివెను. కొట్టు కుఱ్ఱవానికి ఒక్క ముక్కయు అర్థము కాలేదు గాని, కన్నుల నీరు కారెను. జేబులోని నాలుగు డబ్బులును వెచ్చించి, అతనికి మూడు గ్లాసుల సారా పోయించి, మూడుమారులు చదివించుకొనెను. గ్రీకు నేర్చు భాగ్యము నిమ్మని నాటినుండి దేవుని ప్రార్థించెనట. అక్షరము రానివారు గూడ పోతన పద్యము వినబడినచో అడుగు నిలుపు పల్లెలలో పెరిగినవారము గనుక, ఈ ఘట్టమును మనము నమ్మగలము.

1841లో బరువైన పీపా నెత్తబోయి రొమ్మున దెబ్బతిని, నెత్తురు కక్కి, ఆ పనియు పోగొట్టుకొనెను. హాంబుర్గు రేవున వెనిజులా పోవు ఓడ నెక్కగా, డిసెంబరు మాసపు తుపానులో అది హాలండు తీరమున పగిలెను. ప్రాణములతో బయటపడి ఆమ్‌స్టర్‌డామ్ చేరి ఒక వర్తకుని కచేరీలో చిన్న ఉద్యోగమున కుదిరెను. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఆసక్తి కలిగించు భాగము ఇదియే. సంవత్సరమునకు ఎనిమిదివందల ఫ్రాంకుల జీతములో సగము చదువునకే వెచ్చించెను. ఆయన పద్ధతి సులభమైనది: గట్టిగా చదువుట, అనువాదము చేయకుండుట, దినమున కొక వ్యాసము వ్రాసి గురువుచే దిద్దించుకొని, మరునాడు దానిని కంఠస్థముగా అప్పగించుట. ఇంగ్లీషు ఉచ్చారణకై ఆదివారము రెండుమారులు ఆంగ్లేయుల చర్చికి పోయి, బోధకుని వెంబడి మెల్లగా ఒక్కొక్క మాటను పలుకుచుండెను. రష్యను భాషకు ఆ ఊర గురువు దొరకలేదు. అప్పుడు టెలిమాకస్ కథ యొక్క రష్యను అనువాదమును వల్లెవేసి, వినుటకై ఒక ముసలివానిని వారమునకు నాలుగు ఫ్రాంకులకు కుదుర్చుకొనెను. ఆ ముసలివానికి రష్యను రాదు! అయినను దినమునకు రెండు గంటలు కూర్చుండి వినవలసినదే. ఇరుగుపొరుగువారు ఈ కేకలకు ఓర్వలేకపోవుటచే ష్లీమన్ రెండుమారులు ఇల్లు మారెను.

ఆ రష్యను భాషయే ఆయనకు అన్నము పెట్టెను. 1846లో ఒక పెద్ద వ్యాపార సంస్థ ప్రతినిధిగా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి, మరుసటి యేడే సొంత వర్తకము ప్రారంభించెను. నీలిమందు ఆయన ప్రధానమైన సరకు. 1851లో కాలిఫోర్నియాలో బంగారపు పొడి కొని అమ్మెను. 1853లో క్రిమియా యుద్ధము రాగా గంధకము, సురేకారము, సీసము అమ్మి ధనరాసులు కూడబెట్టెను. ఇతరుల యుద్ధము వలన కలిగిన ఈ సంపదయే తరువాత ట్రాయి యుద్ధభూమిని త్రవ్వుటకు వినియోగపడినది.

ఇచ్చటనే ఆశ్చర్యకరమైన విషయమొకటి కలదు. ఇన్ని భాషలు నేర్చినవాడు గ్రీకు జోలికి మాత్రము పోలేదు. తీరిక లేకగాదు, భయమువలన. ఆ భాషలో అడుగుపెట్టినచో హోమరు తన్ను కట్టివేయుననియు, వర్తకము మూలబడుననియు ఆయన యెఱుగును. చిన్ననాటి కోరికను మరచినవారిని లోకమున కొల్లలుగా చూతుము. అది తన్ను లాగుకొనిపోవునని జడిసి, పదునైదేండ్లు దానికి కావలి కాచినవారు అరుదు. 1856లో, ముప్పదినాలుగవ యేట, ఇక ధనమునకు లోటులేదని తోచిన తరువాతనే ఆ తలుపు తెరచెను. ఆధునిక గ్రీకు ఆరు వారములలోను, ప్రాచీన గ్రీకు మూడు మాసములలోను పట్టుపడెనని చెప్పికొనెను.

1863 చివర వర్తకము చాలించి, 1864లో లోకయాత్రకు బయలుదేరెను. సింహళము, మదరాసు, కలకత్తా, కాశీ, ఢిల్లీలు చూచి, చైనా జపానుల వరకు పోయెను. పిమ్మట పారిస్ నగరమున, కుమారుల యీడువారగు విద్యార్థుల సరసన, విశ్వవిద్యాలయ ఉపన్యాసములు విన మొదలిడెను. 1852లో పెండ్లాడిన రష్యను భార్య ఈ జీవితమునకు ఒప్పుకొనలేదు. ముగ్గురు బిడ్డల ఆ సంసారము 1869లో విడాకులతో ముగిసెను. స్వప్నసిద్ధిని పొగడునపుడు మనము ఈ పద్దును సాధారణముగా వ్రాయము.

1868లో, నలువదియారవ యేట, ఆయన ట్రాయి మైదానమున తొలిసారి కాలు మోపెను. పలువురు పండితులు చూపిన బునార్‌బాషి అను చోట త్రవ్వి చూచి, ఏమియు దొరకక తిరుగుప్రయాణమున నుండగా, ఫ్రాంక్ కాల్వర్టు అను ఆంగ్లేయుడు కలిసెను. హిస్సార్లిక్ అను దిబ్బలో కొంత భాగము కాల్వర్టు సొంతము. అది మనవారు పాటిదిబ్బ అను వంటిది. ఊరిమీద ఊరు కూలి పెరిగినది. ట్రాయి అదియే యని కాల్వర్టు కొన్నియేండ్లుగా నమ్మి, తన శక్తికొలది త్రవ్వియు చూచెను. ధనము లేక ఆగెను. ష్లీమనునకు ఆ దిబ్బను నిజముగా చూపినవాడు ఆయనయే. కీర్తి వచ్చిన తరువాత ష్లీమన్ ఆ ఋణమును తగినట్లు ఒప్పుకొనలేదు. ఇది ఆయన చరిత్రలో మచ్చ.

1869లో, హోమరును ప్రేమింపగల గ్రీకు కన్య కావలెనని కోరి, పదునేడేండ్ల సోఫియాను పెండ్లాడెను. 1870లో అనుమతి లేకయే దిబ్బపై గునపము వేసెను. 1871 మొదలు 1873 వరకు అనుమతితో, నూరునుండి నూటయేబది మంది కూలీలను పెట్టి, దిబ్బను నిలువునా చీల్చుచు పెద్ద కందకము త్రవ్వించెను. హోమరు నగరము అన్నిటికన్న అడుగున నుండునని ఆయన నమ్మకము. అడ్డువచ్చిన గోడలను తరువాతి కాలపువని తలచి కూల్చి పారవేయించెను. అప్పటి కాయన యాబదికి చేరువయ్యెను. నలువది యేండ్లు ఓర్చినవానికి చేతికందిన దినమున నాలుగు మాసముల ఓర్పు లేకపోయెను.

1873 మే నెలాఖరున, అడుగునుండి రెండవ పొరలో, బంగారపు కిరీటములు, గిన్నెలు, వేలకొలది పూసలు దొరకెను. అది ప్రియము రాజు నిధి యని లోకమునకు చాటి, దొంగచాటుగా దేశము దాటించెను. తురుష్క ప్రభుత్వము దావా వేయగా నష్టపరిహారము చెల్లించి బయటపడెను. నిధిని సోఫియా తన శాలువలో మోసి తెచ్చెనని వ్రాసెను. ఆమె ఆ దినములలో ఏథెన్సులో నుండెనని తరువాత తేలినది. నిధి ప్రియముని కాలమునకు వేయియేండ్లకు పైగా పూర్వపుది. 1876లో మైసీనీలో త్రవ్విన గోరీలలో బంగారు ముఖకవచములు లభించెను. అందొకటి అగమెమ్నాను రాజుది అని ప్రసిద్ధికెక్కినను, అదియు ట్రాయి యుద్ధకాలమునకు ఎంతో ముందటిదే. పొరపాటు పేరు పెట్టెను గాని, చరిత్ర యెఱుగని ఒక నాగరకతను వెలికిదీసెను.

శాలువ కథ కల్పన యైనచో, క్రిస్మసు పుస్తకపు కథ మాటయేమి? 1972లో, ష్లీమన్ నూటయేబదవ జయంతి సందర్భమున, అమెరికను పండితుడు విలియం కాల్డర్ ఈ ప్రశ్ననే లేవనెత్తెను. చిన్ననాటి స్వప్నము పెద్దనాడు అల్లిన కథ యని ఆయన అభిప్రాయము. ఆ పక్షమున బలమైన హేతువులు కలవు. నా మట్టుకు నేను అంత కఠినముగా తీర్పు చెప్పజాలను. పాతికేండ్లుగా పాఠములు చెప్పుచున్నాను. పూర్వ విద్యార్థులు వచ్చి, మీ తరగతిలో ఫలానా దినముననే నా దారి నిశ్చయించుకొంటినని చెప్పుదురు. ఆ దినమున వారు వెనుక బల్లపై నిద్రించుట నాకు జ్ఞాపకముండును. వారు అబద్ధమాడుట లేదు. చేరిన చోటినుండి వెనుదిరిగి చూచినపుడు నడచిన అడ్డదారులన్నియు ఒక్క బాటగా కనబడును. ష్లీమన్ బాటను మరికొంత చదును చేసి యుండవచ్చును. పచారు కొట్టు, పగిలిన ఓడ, కూలీల నడుమ ఎండలో నిలిచిన ఏండ్లు మాత్రము కల్పనలు కావు.

1882లో విల్‌హెల్మ్ డోర్‌ప్‌ఫెల్డ్ అను యువ వాస్తుశిల్పి ఆయనకు తోడయ్యెను. మట్టి పొరలను ఓర్పుతో చదువుట ఎట్లో ఆ యువకుని వలన వృద్ధుడు నేర్చెను. 1890లో, రెండవ పొర నగరపు గోడలకు వెలుపల, పైనున్న ఆరవ పొరలో, మైసీనీ కుండల వంటి పెంకులు బయటపడెను. దీనిభావము ష్లీమనునకు తెలియక పోలేదు. హోమరు ట్రాయి అడుగున లేదు, పైనున్నది. ఇరువదియేండ్ల క్రితము తాను కూల్చి పారవేసినదానిలో అదియు కొంత కలదు. మరుసటి వసంతమున మరల త్రవ్వి తేల్చుకొన నిశ్చయించెను.

నవంబరులో చెవి శస్త్రచికిత్సకై జర్మనీలోని హాలె నగరమునకు పోయెను. పూర్తిగా నయము కాకమునుపే ప్రయాణమై నేపుల్సు చేరగా, క్రిస్మసు దినమున వీధిలో కూలి మాట పడిపోయెను. పదికి పైగా భాషలు నేర్చినవాడు ఒక్క పలుకును పలుకలేక, 1890 డిసెంబరు 26న కన్నుమూసెను.

1893లో సోఫియా ఇచ్చిన ధనముతో డోర్‌ప్‌ఫెల్డ్ మరల గునపము పట్టెను. దిబ్బ నడిభాగమున ఆరవ నగరము మిగులలేదు. పూర్వమే ఆలయ నిర్మాణమునకై చదును చేసినవారు కొంతయు, ష్లీమన్ కొంతయు దానిని తొలగించి యుండిరి. అంచులవెంట మాత్రము కోట గోడ నిలిచియుండెను. చెక్కిన రాళ్లతో వాలుగా కట్టిన ఆ గోడ మందము నాలుగు మీటర్లకు పైమాట.