యానాం రఫాయేల్

యానాం పునీత అన్నమ్మగారి దేవాలయానికి వెళ్ళినపుడు దడాల రఫాయేల్ రమణయ్యగారిని తలచుకోండి. 1908లో యానాం ఫరంపేటలో జన్మించి, ఫ్రెంచివారి కొలువులో పోలీసు అధికారిగా పనిచేశారు. 1947లో చుట్టూ స్వాతంత్ర్యం వచ్చినా, గోదావరి ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో మాత్రం ఫ్రెంచి జెండా దిగలేదు. విలీనం కోరినవారు కాకినాడ వైపు వచ్చి తలదాచుకోవలసి వచ్చింది.

1954 జూన్ 13న వాలంటీర్లను వెంటబెట్టుకొని యానాంలో అడుగుపెట్టి, ఫ్రెంచి పాలనకు తెరదించినవారు ఈ రమణయ్యగారే. ఉప్పు తిన్న ప్రభుత్వం మీదనే తిరగబడవచ్చునా అని మీరడగవచ్చు. అధికారులకు విధేయత మన ధర్మమే. కాని అధికారమున్నది ప్రజల మేలు కొరకు గదా! నేను ఆయన పక్షమే.

ఆ నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి దక్కింది. చట్టరీత్యా విలీనానికి మాత్రం 1962 ఆగస్టు 16 దాకా ఆగవలసి వచ్చింది. 1991లో ఆయన కన్నుమూశారు. చుట్టూ ఆంధ్రదేశమే అయినా, యానాం నేటికీ పుదుచ్చేరిలోనిదే.