చెస్టర్ హైమ్స్: ఆత్మకథ ఒక చేత్తో, డిటెక్టివ్ నవల ఒక చేత్తో

అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని చదివిన తరం మా ఇళ్లల్లోనూ ఉంది. యూనివర్సిటీకి వచ్చాక మా చేతిలో పెట్టినవి మాత్రం ఆత్మకథలు. దళిత విద్యార్థి ఆత్మకథల మీద పరిశోధన చేస్తానంటే అందరూ మెచ్చుకుంటారు. సస్పెన్స్ నవలల మీద చేస్తానంటే అదేం పని అన్నట్టు చూస్తారు. మన బాధ కావాలి, మన కథ కట్టే నేర్పు అక్కర్లేదు. ఈ చిరాకులోనే మేము ఆ రెండూ రాసిన నల్లజాతి రచయిత చెస్టర్ హైమ్స్‌ను చదవడం మొదలుపెట్టాం.

ఆయన 1909 జూలై 29న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, జెఫర్సన్ సిటీలో పుట్టాడు. తండ్రి నల్లవాళ్ల కాలేజీల్లో కమ్మరం నేర్పే టీచరు. తల్లిది బాగా తెల్లని మేనిఛాయ, ఆ ఛాయ మీద ఆమెకు పట్టింపు. భర్త నలుపు. ఇంట్లో తగాదాలకు అదీ ఒక కారణం. అణగారిన కులాల లోపల కూడా మెట్లు చూసినవాళ్లకు ఈ ఇల్లు కొత్తగా అనిపించదు.

ఆర్కన్సాలోని పైన్ బ్లఫ్‌లో ఉన్నప్పుడు జరిగిన ఒక ప్రమాదాన్ని హైమ్స్ జీవితాంతం మోశాడు. స్కూల్లో అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక కెమిస్ట్రీ ప్రయోగం చేసి చూపించాలి. అల్లరి చేశాడని తల్లి చెస్టర్‌ను ఆపేసింది. అన్న జోసెఫ్ ఒక్కడే రసాయనాలు కలిపాడు. అవి అతని మొహం మీదే పేలాయి. తెల్లవాళ్ల ఆస్పత్రికి తీసుకెళ్తే చేర్చుకోలేదు. అతని చూపు పోయింది. జోసెఫ్ తర్వాత చదువుకుని పేరున్న సామాజిక శాస్త్రవేత్త అయ్యాడు. తమ్ముడి దారి వేరు.

క్లీవ్‌లాండ్‌లో హోటల్ పనిలో ఉండగా లిఫ్టు గోతిలో పడి హైమ్స్ వెన్ను విరిగింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరి ఎక్కువ కాలం నిలవలేదు. 1928లో తుపాకీతో దోపిడీ చేసి పట్టుబడ్డాడు. పందొమ్మిదేళ్ల కుర్రాడికి 20 నుంచి 25 ఏళ్ల శిక్ష వేశారు. 1930లో ఒహాయో జైలుకు నిప్పంటుకుని 322 మంది ఖైదీలు చనిపోయారు. అదంతా కళ్లారా చూశాడు. జైల్లో చవక క్రైమ్ పత్రికలు చదివాడు, టైప్‌రైటర్ సంపాదించి కథలు రాశాడు. 1934లో ఎస్క్వైర్ పత్రిక ఆయన కథ వేసుకుంది. రచయిత పేరుగా ఖైదీ నంబరే వాడాడు.

1936లో పెరోల్ మీద బయటికొచ్చాడు. యుద్ధకాలంలో లాస్ ఏంజెలెస్ ఓడల తయారీ కేంద్రాల్లో చూసిన జాతి ద్వేషం మీద 1945లో మొదటి నవల రాశాడు. 1947లో వచ్చిన రెండో నవలను అన్ని పక్షాలూ తిట్టాయి. 1953లో దేశం వదిలి ఫ్రాన్సు చేరాడు.

పారిస్‌లో చేతిలో డబ్బు లేని రోజుల్లో మార్సెల్ దుహామెల్ అనే సంపాదకుడు డిటెక్టివ్ నవల రాయమన్నాడు. పొట్టకూటి కోసమే ఒప్పుకున్నాడు. ఆ మొదటి పుస్తకానికే 1958లో ఫ్రాన్సులో అపరాధ పరిశోధన సాహిత్యానికి ఇచ్చే పెద్ద బహుమతి వచ్చింది. హార్లెమ్‌లో పనిచేసే ఇద్దరు నల్లజాతి పోలీసులు కాఫిన్ ఎడ్, గ్రేవ్ డిగ్గర్ అందులోనే పుట్టారు. ఒకరి పేరులో శవపేటిక, ఇంకొకరి పేరులో గోరీలు తవ్వడం. కాఫిన్ ఎడ్ మొహం మీద ఆ నవలలోనే యాసిడ్ పడుతుంది. జోసెఫ్ సంగతి తెలిసి చదివితే ఆ పేజీ త్వరగా తిప్పలేం.

1965 నాటి 'కాటన్ కమ్స్ టు హార్లెమ్' మాకు అన్నిటికన్నా ఇష్టం. ఆఫ్రికా తీసుకెళ్తానని ఒక దొంగ పాస్టరు 87 కుటుంబాల దగ్గర తలా వెయ్యి డాలర్లు వసూలు చేస్తాడు. ఆ డబ్బును సాయుధ దొంగలు ఎత్తుకెళ్తారు, అది చివరికి ఒక పత్తి బేలులో చేరుతుంది. అందరూ ఆ బేలు వెంట పడతారు. సస్పెన్స్ విప్పేస్తున్నందుకు క్షమించాలి: ఆ డబ్బు పాత సామాన్లు ఏరుకునే ముసలాయనకు దొరుకుతుంది, ఆయన దాంతో నిజంగానే ఆఫ్రికా వెళ్లిపోతాడు. డిటెక్టివ్‌లు ఒక తెల్ల కల్నల్ మెడలు వంచి 87 వేలూ కక్కించి పేదలకు ఇప్పిస్తారు. మామూలు డిటెక్టివ్ నవలలో దొంగ దొరికితే కథ అయిపోతుంది. ఇక్కడ పేదల డబ్బు పేదలకు చేరాలి. పత్తి తీసిన చేతులున్న ఇళ్ల నుంచి వచ్చిన మాకు ఆ బేలు వట్టి కథావస్తువు కాదు.

1969 నాటి నవలలో ఆ ఓదార్పు కూడా లేదు. హార్లెమ్‌లో అల్లర్లు, హత్యలు. కేసు తేలదు. చివర్లో ఆ ఇద్దరూ కూల్చేస్తున్న ఇళ్ల దగ్గర ఎలుకల్ని కాలుస్తుంటారు. వ్యవస్థే నేరస్థుడైతే ఎవర్ని అరెస్టు చేస్తారు?

తర్వాత స్పెయిన్‌లో ఉంటూ రెండు భాగాల ఆత్మకథ రాశాడు. మొదటిది 1972లో వచ్చింది. బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టిన సంవత్సరం కూడా అదే. ఆ ఆత్మకథలో ఆయన మంచివాడుగా కనిపించడానికి ప్రయత్నించడు. తనతో బతికిన స్త్రీని కొట్టిన సంగతీ రాశాడు. ఆ పేజీల దగ్గర మేము ఆయన పక్షాన నిలబడలేదు. జాతి చేసిన గాయం దానికి సాకు కాదు. అయినా ఆ పేజీలు దాచలేదు కాబట్టే మిగతావి నమ్ముతున్నాం.

1984 నవంబర్ 12న స్పెయిన్‌లోని మొరైరాలో చనిపోయాడు. ఆయన పూర్తి చేయని డిటెక్టివ్ నవల ఒకటి ఉంది. అందులో ఆ ఇద్దరు పోలీసులూ బతకరు.